కూలేది కుండ కాదు, ఆవం

(అనంతపురంలో కుమ్మరి వృత్తిదారులు, భూగర్భశాస్త్ర విద్యార్థులు పాల్గొన్న సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం.

ముందు వరుసల్లో కుమ్మరి సారె తిప్పి బతికినవాళ్లు ఉన్నారు. వెనక వరుసల్లో భూమి పొరల గురించి పరీక్షలు రాస్తున్నవాళ్లు ఉన్నారు. వీళ్లిద్దరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టిన నిర్వాహకుల సాహసానికి ముందుగా దండం పెడుతున్నాను. నేను వెనక వరుసల జాతివాణ్ణి. నలభై నిమిషాలు మాట్లాడమన్నారు. మాస్టార్ల సంగతి మీకు తెలుసు కదా, గడియారం చూపించి ఆపేయండి.

భూకంపం వస్తే కుమ్మరి గతి ఏమిటన్నది ఈరోజు విషయం. ఈ మాట వినగానే అందరి కళ్ల ముందూ ఒకే దృశ్యం మెదులుతుంది. అరల మీది కుండలన్నీ దొర్లి నేలమీద పడి పగిలిపోవడం. మనకు సామెత కూడా సిద్ధంగా ఉంది: కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. ఏడాది కష్టం ఒక్క దెబ్బకు పోతుందని దాని భావం. సామెత బాగుంది కానీ అది కుండలను మాత్రమే లెక్కపెడుతుంది. భూకంపాలు దెబ్బతీసిన కుమ్మరి ఊళ్ల సంగతులు ఏళ్ల తరబడి చదువుతున్నాను. కుండలు పగిలినందువల్ల వృత్తి మానేసిన ఊరు నాకు ఎక్కడా తగల్లేదు. కుండలు కాల్చే ఆవం కూలి, ఇల్లు కూలి, మట్టి దొరక్క, కొనేవాడు పోయి ఆగిపోయిన చోట్లు మాత్రం కనిపించాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

ముందు కుండ సంగతే చూద్దాం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నీళ్లు వస్తే పచ్చి కుండ కరిగి బురదవుతుంది. కాలిన కుండకు ఏమీ కాదు, కడుక్కుంటే చాలు. భూమి అదిరినప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. పచ్చిదీ పగులుతుంది, కాలినదీ పగులుతుంది. కానీ పగిలిన పచ్చి కుండను తొట్టిలో నానబెట్టి, తొక్కి, మళ్లీ సారె మీదికి ఎత్తుకోవచ్చు. పోయింది మనిషి శ్రమే, మట్టి పోలేదు. కాలిన కుండ మళ్లీ మట్టి కాదు. నిప్పు తగిలాక అందులోని బంకమట్టి తన గుణమే మార్చుకుంటుంది, నూరేళ్లు నానబెట్టినా మెత్తబడదు. అందుకే భూకంపం మర్నాడు ఎన్ని కుండలు పగిలాయని అడగడం దండగ. పగిలినవాటిలో ఎన్ని ఆవం దాటినవి, ఎన్ని దాటనివి అని అడగాలి. ఆ తేడా మీకు తెలుసు. నష్టం రాసుకోవడానికి వచ్చే గుమాస్తాకు తెలియదు.

కాలిన పెంకు కూడా పూర్తిగా వ్యర్థం కాదని ముందు వరుసవాళ్లు తల ఊపుతున్నారు. నిజమే. దంచి పొడి చేసి మట్టిలో కలిపితే కొత్త కుండకు బలం. ఆవం మీద కప్పడానికీ పెంకే కావాలి. చరిత్ర విద్యార్థులు ఎవరైనా ఉంటే వాళ్లకు ఒక మాట. కూలిన పాత ఊరిని తవ్వినప్పుడు ఆ ఊరు ఏ కాలంలో కూలిందో ఎక్కువసార్లు చెప్పేది గోడ కింద నలిగిన పెంకే. రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో సుమారు నాలుగున్నర వేల ఏళ్ల నాటి తొలి ఊరు భూకంపంతో ఆగిపోయిందని పురావస్తు శాస్త్రవేత్తలు చెప్పారు. అక్కడ ఏ పొర ఏ కాలానిదో విడదీసి చూడటంలో మట్టిపాత్రల తీరుదే పెద్ద చెయ్యి.

ఇక ఆవం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

జపాన్‌లో టోక్యోకు ఉత్తరాన మషికో అనే ఊరుంది. 1853 నుంచి అక్కడ కుమ్మరం సాగుతోంది. మొదట వంటింటి జాడీలు, నీళ్ల కుండలు చేసేవారు. 1920ల్లో హమాదా షోజీ అనే కుమ్మరి వచ్చి ఆ ఊరినే పనిచోటుగా చేసుకోవడంతో ప్రపంచానికి తెలిసింది. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయన్ను సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. ఆ మాట విన్నప్పుడల్లా మన కుమ్మర మొల్ల గుర్తొస్తుంది. ఆమెది బద్వేలు దగ్గరి గోపవరమని కడపవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కవయిత్రిని తలుచుకుంటాం సరే, ఆమె ఇంటి వృత్తికి మనం ఏ బిరుదు ఇచ్చాం? పోనీయండి, అది వేరే సభకు పనికొచ్చే మాట.

హమాదా ఇంగ్లండులో పనిచేస్తున్నప్పుడే, 1923 సెప్టెంబరు 1న, టోక్యో ప్రాంతాన్ని మహా భూకంపం నేలమట్టం చేసింది. ఆయన స్వదేశానికి తిరిగొచ్చాడు. ఆయన మిత్రుడు యానగి సోయెత్సు టోక్యో వదిలి క్యోటోకు మకాం మార్చాడు. అక్కడే వీళ్లకు కవాయ్ కంజిరో అనే మరో కుమ్మరి తోడయ్యాడు. సామాన్యుడి చేతి పనిలోని అందాన్ని గౌరవించాలన్న ఉద్యమం ఈ ముగ్గురి మాటల్లోంచే పుట్టింది. భూకంపం మనుషులను చెదరగొట్టడమే కాదు, అప్పుడప్పుడు ఇలా ఒకచోటికి చేరుస్తుంది కూడా. అయితే దీన్ని చూసి మురిసిపోవద్దు. లక్షమందికి పైగా పోయిన విపత్తు అది.

మషికోకు వద్దాం. అక్కడి పాత ఆవాన్ని నోబొరిగామా అంటారు. కొండవాలు మీద ఇటుక కమాను గదులు ఒకదాని పైన ఒకటి మెట్లుగా ఎక్కుతూ పోతాయి. కింది గదిలో నిప్పు పెడితే వేడి ఒక్కో గది దాటుకుంటూ పైకి పోతుంది. హమాదా వాడినదానికి ఎనిమిది గదులు. లోపల వేడి పన్నెండు వందల డిగ్రీలు దాటుతుంది. అంత వేడిని పట్టి ఉంచాలంటే గోడ మందంగా ఉండాలి, పైకప్పు ఇటుక కమానే కావాలి. కమానులో సిమెంటూ ఇనుమూ ఉండవు. ఒక ఇటుక పక్క ఇటుకను నెడుతుంది, అది ఇంకోదాన్ని నెడుతుంది. చివరికి ఆ తోపుడంతా కమాను రెండు కాళ్ల మీదికి వస్తుంది. కాళ్లు కదలనంతకాలం వందేళ్లయినా నిలుస్తుంది. భూమి పక్కకు ఊగి ఆ కాళ్లు కొద్దిగా ఎడమైతే చాలు, నడినెత్తిన ఉన్న ఇటుక జారుతుంది. ఒకటి జారితే మిగతావాటికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

2011 మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు సముద్రంలో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని కేంద్రం మషికోకు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. సునామీ ఆ ఊరిదాకా రాలేదు. అయినా అక్కడి మెట్ల ఆవం గదులు కుప్పకూలాయి. హమాదా ఆవం కూడా దెబ్బతింది. ఆయన పోగుచేసిన పాత్రలున్న ప్రదర్శనశాలలోనూ చాలా పగిలాయి. పగిలిన పాత్రల ఫొటోలు లోకమంతా తిరిగాయి. బంగారంతో అతికించే విద్య గురించి మనదగ్గర కూడా చాలామంది తత్వం చెప్పారు. అతికించిన గిన్నెలో టీ తాగవచ్చేమో కానీ, అతికించిన ఆవంలో కుండలు కాల్చలేం. కూలిన ఇటుకలను ఏరి, మట్టి గీకి, పనికొచ్చేవి పక్కన పెట్టి, వాలు సరిచేసి మళ్లీ మొదటి గది నుంచి కట్టుకోవాలి. హమాదా ఆవాన్ని ఊరి కుమ్మరులు కలిసి నిలబెట్టి, 2015లో మళ్లీ నిప్పు పెట్టారు. మధ్యలో గడిచిన నాలుగేళ్లను పగిలిన కుండల ఫొటోలు ఎలా చూపిస్తాయి?

అదే జపాన్‌లో నోటో ద్వీపకల్పం చివర సుజు అని ఒక ఊరు. గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేయకుండా నల్లబూడిద రంగులో కాల్చే పాత్రలకు పేరు. పన్నెండో శతాబ్దంలో మొదలై పదిహేనో శతాబ్దంలో ఆగిపోయిన పని అది. గత శతాబ్దం ఏడో దశకం తరవాత మళ్లీ చిగురించింది. 2023 మే 5న వచ్చిన భూకంపంలో అక్కడి ఆవం కట్టడాలు పాడయ్యాయి. వాళ్లు మళ్లీ కట్టుకుంటున్నారు. 2024 జనవరి 1న, సంవత్సరాది పండగ రోజు సాయంత్రం 7.6 తీవ్రతతో ఇంకొకటి వచ్చింది. కట్టుకున్నవీ పోయాయి. కుండ పగిలితే ఒకసారే పగులుతుంది. ఆవం ఎన్నిసార్లయినా కూలుతుంది.

ఇప్పుడు మన పద్ధతి చూడండి. నేల మీద కంప కట్టెలు, పిడకలు, వేరుశనగ పొట్టు పరుస్తాం. సర్కారు తుమ్మకు మన జిల్లాల్లో కొదవ లేదు. దానిమీద పెద్ద బానలు, వాటి సందుల్లో చట్టెలు, మూకుళ్లు బోర్లించి పేరుస్తాం. పైన గడ్డి కప్పి, పెంకులు పరిచి, బురద మెత్తి, గాలికి అక్కడక్కడా కన్నాలు వదిలి నిప్పు పెడతాం. కాలాక అంతా విప్పేస్తాం. మిగిలేది బూడిద. ఇది వెనకబడిన పద్ధతని శిక్షణ శిబిరాల్లో అనడం నేను విన్నాను. వేడి ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీలు దాటదు, కట్టె ఎక్కువ పడుతుంది, పొగ ఊరంతా కమ్ముతుంది. ఆ లోపాలు కాదనను. కానీ భూమి అదిరినప్పుడు కూలడానికి ఇందులో కట్టడమే లేదు.

ఇది ఊహ కాదు. నేపాల్‌లో కాఠ్మాండూ పక్కనే భక్తపూర్, తిమి ఊళ్లున్నాయి. అక్కడ కుమ్మరులను ప్రజాపతులంటారు. శాలివాహనులమని చెప్పుకునే మన కుమ్మరుల్లాగే దేవుడి పేరో రాజు పేరో తగిలించుకోవడం మనవాళ్లందరికీ అలవాటే. (నవ్వులు) భక్తపూర్ కుమ్మరి కూడలిలో ఒక గణేశుడి గుడి ఉంది. దాని పూజారి కుమ్మరి కులస్థుడే. మన ఊళ్లలో గ్రామదేవతకు కుమ్మరి పూజ చేసిన ఆచారం తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. వాళ్లు కూడా కుండలు పేర్చి, గడ్డి కప్పి, పైన బూడిద పోసి రోజుల తరబడి నిదానంగా కాలుస్తారు. 2015 ఏప్రిల్ 25 శనివారం ఉదయం 11 గంటల 56 నిమిషాలకు 7.8 తీవ్రతతో భూమి కదిలింది. దేశం మొత్తం మీద దాదాపు 9 వేలమంది పోయారు. భక్తపూర్‌లో పాత ఇటుక ఇళ్లు వరసగా కూలాయి. కుమ్మరులకూ ఇళ్లు పోయాయి, ఇళ్లలోని పనిచోట్లు పోయాయి. కానీ గడ్డి ఆవానికి కావలసింది ఖాళీ స్థలం, గడ్డి, బూడిద. ఆ మూడూ మిగిలాయి. అదే లోయలో ఇటుక బట్టీల పెద్ద పొగగొట్టాలు మాత్రం చాలావరకు విరిగిపడ్డాయి. వాటిని తిరిగి కట్టేటప్పుడు కొందరు యజమానులు పొగ తక్కువొచ్చే కొత్త పద్ధతికి మారారు. అది వేరే కథ.

అందుకని పక్కా ఆవం కట్టుకోవద్దని చెప్పడం లేదు. కట్టుకోండి. కట్టేటప్పుడు కమాను కాళ్లకు బయటినుంచి ఇనుప పట్టీ బిగించండి. ఇంటి గోడకు ఆనించకుండా విడిగా కట్టండి. ఎత్తు తగ్గించండి. కింద నేల గట్టిదో, పూడ్చిన చెరువు మట్టో చూసుకోండి. పక్కా ఆవం వచ్చింది కదా అని పాత పద్ధతిని పిల్లలకు నేర్పడం మానవద్దు. పక్కాది కూలిన నెలలో ఇల్లు గడిపేది అదే.

రాయలసీమలో భూకంపం ఏమిటి సార్ అని ఎవరైనా మనసులో అనుకుంటూ ఉంటే, ఇప్పుడు చెబుతాను.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి. ముందురోజు వినాయకుణ్ణి నిమజ్జనం చేసి అలసి పడుకున్న ఊళ్లు. 6.2 తీవ్రత. నేపాల్‌తో పోలిస్తే చిన్నదే. వేలమంది నిద్రలోనే పోయారు. అప్పటి భూకంప పటంలో కిల్లారి ఉన్నది జోన్ ఒకటిలో, అంటే అన్నిటికన్నా నిశ్చింతగా ఉండవలసిన చోట. 2002లో పటం సవరించినప్పుడు జోన్ ఒకటి అనేదాన్నే తీసేసి రెండులో కలిపారు. మన సీమలో అధిక భాగాన్ని ఆ పటం జోన్ రెండులో పెట్టింది. గీత గీసి కొలిస్తే కిల్లారి నుంచి కర్నూలుకు 300 కిలోమీటర్లు ఉంటుందేమో. 1967 మార్చిలో ఒంగోలులో 5.4, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7, మొన్న 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3. తెలుగు నేల కదలదని ఏ రాయి మీదా రాసి లేదు. హిమాలయాల్లో వచ్చినంత తరచుగా రావు, అంత పెద్దవీ రావు. మాస్టారు భయపెట్టాడని ఇంటికెళ్లి చెప్పకండి. భయం అక్కర్లేదు, ఇంటి కప్పు వైపు ఒకసారి తలెత్తి చూస్తే చాలు.

కిల్లారిలో మనుషులను చంపింది భూమి కాదు, ఇళ్లు. ఆ ఇల్లు ఎలాంటిదో చెబితే మీకు మీ తాత ఇల్లే గుర్తొస్తుంది. గుండ్రాళ్లను మట్టితో పేర్చిన లావుపాటి గోడ. గోడకు లోపలి ముఖం వేరు, బయటి ముఖం వేరు, నడుమ చిల్లర రాళ్లు. పైన కొయ్య దూలాలు, వాటిమీద మట్టి కప్పు, ఒక అడుగు నుంచి రెండడుగుల మందం. మన చవుడు మిద్దె ఇదే కదా. వానాకాలం ముందు ప్రతి ఏడాదీ కొత్త చవుడు పోస్తాం. పాతది తీయం. మూడు తరాలు అలా పోస్తూ పోతే నెత్తిమీద ఎన్ని బండ్ల మట్టి చేరిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎండాకాలం చల్లగా ఉంటుంది, అది నిజం. అదిరినప్పుడు గోడ రెండు ముఖాలూ చెరోవైపు విడిపోయి, ఆ చల్లదనమంతా మీద పడుతుంది.

కుమ్మరి ఇంటికి ఇందులో ఇంకో చిక్కుంది. వేరే ఇళ్లలో పగలు మనుషులు చేనుకు పోతారు. కుమ్మరి పగలూ అక్కడే, రాత్రీ అక్కడే. సారె వసారాలో, తొక్కిన మట్టి మూలన, ఆరబెట్టిన పచ్చి కుండలు గోడ పొడవునా. ఎండ తగిలితే పగుళ్లిస్తాయని లోపలి చల్లటి గదిలోనే పెడతాం, అంటే కచ్చితంగా ఆ మిద్దె కింద. సరుకూ పనిముట్లూ మనిషీ మూడూ ఒకే కప్పు కింద ఉంటాయి. అందుకే చవుడు పొర తగ్గించండి. కొత్త చవుడు పోసే ముందు పాతది గీకెయ్యండి. గోడ కట్టేటప్పుడో మరమ్మతు చేసేటప్పుడో, ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడుగు రాయి అక్కడక్కడా వేయించండి. కిల్లారి తరవాత ఇంజనీర్లు చెప్పిన సలహాల్లో చవకైనదీ బాగా పనిచేసేదీ ఇదే. మన కడప బండ అందుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

కిల్లారి చుట్టూ 52 ఊళ్లను పూర్తిగా కొత్త చోట్లకు మార్చి కట్టారు. వెడల్పు వీధులు, గళ్లు గీసినట్టు వరస ఇళ్లు. గట్టి ఇళ్లే, కాదనను. కానీ పాత ఊళ్లో వృత్తికొక చోటు ఉండేది. కుమ్మరికి ఆవం పెట్టుకునే దిబ్బ, మట్టి పోసుకునే జాగా ఉండేవి. నగరపు నమూనాలో గీసిన పటంలో సారె ఎక్కడ పెట్టాలో, పొగ ఎటు పోవాలో ఏ గీత చెబుతుంది? మనకు ఎప్పుడైనా అలాంటి పటం చూపించి సంతకం అడిగితే, ఈ ప్రశ్న వేశాకే సంతకం పెట్టండి.

2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్‌లో భూకంపం వచ్చినప్పుడు భుజ్, భచావు పట్టణాల్లో రాతి ఇళ్లు నేలమట్టమయ్యాయి. బన్నీ ప్రాంతంలో భుంగా అనే గుండ్రటి మట్టి ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. గుండ్రటి గోడ, పైన తేలికైన గడ్డి కప్పు. మూలలు లేవు కాబట్టి మూలల్లో పగుళ్లూ లేవు. ఖావ్‌డా కుమ్మరులు ఉన్నది ఆ వైపే. అక్కడ మగవాళ్లు సారె తిప్పుతారు, ఆడవాళ్లు ఎర్రమన్నుతో, నలుపు తెలుపు రంగులతో గీతలు దిద్దుతారు.

మట్టి గురించి ఎవరూ తలవరు. భూకంపం మట్టిని కూడా తీసుకుపోతుందంటే నమ్ముతారా? 1950 ఆగస్టు 15న అస్సాంలో 8.6 తీవ్రతతో భూమి కంపించింది. కొండచరియలు విరిగిపడి ఆ మట్టంతా బ్రహ్మపుత్రలోకి చేరింది. నది అడుగు పైకి లేచింది. అప్పటినుంచి నది ఒడ్డు కోతలు పెరిగాయి. మాజులీ దీవి ఏటా కాస్త కాస్త తగ్గిపోతోంది. ఆ దీవిలో సల్మోరా అనే ఊరి కుమ్మరులు సారె లేకుండానే చేత్తో తట్టి కుండలు చేస్తారు. చేసేది ఆడవాళ్లే. ఒడ్డున లోతుగా గోతులు తవ్వి బంకమట్టి తీస్తారు, కుండలను పడవల్లో వేసుకుపోయి ధాన్యానికి మార్చుకుంటారు. ఒడ్డే కరిగిపోతుంటే తవ్వేదెక్కడ? తవ్వితే కోత ఇంకా పెరుగుతుందని అధికారులు ఆంక్షలు పెట్టారు. భూమి కదిలింది 1950లో. మట్టి కోసం గొడవ మనవళ్ల కాలంలో.

జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రం దగ్గర నమియే అనే పట్టణం ఉంది. దాని పరిధిలోని ఓబొరిలో 300 ఏళ్లకు పైగా సోమా పాత్రలు చేసేవారు. పచ్చటి గ్లేజు మీద సన్నటి పగుళ్ల అల్లిక, పరుగెత్తే గుర్రం బొమ్మ, వేడి చేతికి తగలకుండా రెండు పొరల గోడ. 2011 భూకంపం, సునామీ ఆ అణు కేంద్రాన్ని దెబ్బతీశాక ఆ కుమ్మరులు ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. రేడియోధార్మికత వల్ల గ్లేజుకు వాడే ఆ ఊరి రాయిని తవ్వే వీలు లేకపోయింది. చెదిరిపోయిన కుటుంబాలు వేరే పట్టణాల్లో ఆవం కట్టుకున్నాయి. ఫుకుషిమాలోని ప్రభుత్వ పరిశోధన కేంద్రం వేరే ముడిసరుకుతో అలాంటి గ్లేజును తయారుచేసి ఇచ్చింది. వెనక వరుసల పిల్లలూ, ఇక్కడ మీకు పని ఉంది. మన చెరువుల మట్టిలో ఏముందో, ఒక చెరువు పోతే దానికి సరిజోడు మట్టి ఎక్కడ దొరుకుతుందో ముందే పరీక్షించి రాసి పెట్టండి. మీ ప్రయోగశాల ఖాళీగా ఉండే రోజులు నాకు తెలుసు.

కొనేవాడి సంగతి. 1995 జనవరి 17న కోబేలో భూకంపం వచ్చింది. దాని కేంద్రం అవాజీ దీవి ఉత్తర కొసన. అవాజీ ఇంటి పెంకులకు జపాన్‌లో పేరుమోసిన చోట్లలో ఒకటి. పాత ఇళ్ల మీద మట్టి పరిచి దానిమీద బరువైన పెంకులు వేసేవారు. ఆ ఇళ్లు కూలి 6 వేలమందికి పైగా పోయారు. పెంకే చంపిందని జనం తేల్చేశారు. గోడలకు బలం లేదని, కొయ్య పుచ్చిపోయిందని చెప్పినా వినేదెవరు? గిరాకీ పడిపోయింది. తరవాత ఒకదానికొకటి లంకె పడే పెంకులు, ప్రతి పెంకునూ మేకుతో బిగించే పద్ధతి తెచ్చి పరువు కొంత నిలబెట్టుకున్నారు. దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది గుజరాత్‌లో. 2001 భూకంపం తరవాత ఒక పత్రిక పగిలిన నీళ్ల కుండ ఫొటో వేసి, పేదవాడి ఫ్రిజ్ పగిలిపోయిందని కింద రాసింది. వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి అది చూశాడు. కుండే ఫ్రిజ్ అయినప్పుడు నిజంగానే మట్టి ఫ్రిజ్ ఎందుకు చేయకూడదనుకున్నాడు. కొన్నేళ్ల ప్రయత్నం తరవాత మిట్టీకూల్ వచ్చింది. పై అరలో పోసిన నీళ్లు పక్క గోడల్లోకి ఊరి ఆవిరవుతుంటే లోపల కూరగాయలు చల్లగా ఉంటాయి. కరెంటు అక్కర్లేదు. మే నెలలో అనంతపురంలో ఇది అమ్ముడుపోదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక ప్రభుత్వ సాయం. 2022 నుంచి 2026 దాకా వర్తించే కేంద్ర విపత్తు సాయం ప్రమాణాల్లో చేతివృత్తివారికి పాడైన పనిముట్ల కింద 5,000 రూపాయలు రాశారు. ముడిసరుకు, తయారీలో ఉన్న సరుకు, తయారైన సరుకు, ఈ మూడింటి నష్టం కింద మరో 5,000 రాశారు. అధికారి ధ్రువీకరిస్తేనే ఇవ్వాలనీ రాశారు. ఆ డబ్బుతో పక్కా ఆవం కమానుకు ఇటుకలైనా వస్తాయా? ఆ ప్రశ్న అడగవలసినవాళ్లు మీరే. అడిగేలోగా ఒక పని చేయండి. చేతివృత్తుల గుర్తింపు కార్డు, అదే పహచాన్ కార్డు, లేనివాళ్లు తీసుకోండి. ఆవం, సారె, పచ్చి సరుకు, ఆరిన సరుకు వేర్వేరుగా ఫోనులో ఫొటోలు తీసి, వేరే ఊళ్లో ఉన్న మీ బిడ్డల ఫోనుకు పంపి ఉంచండి. కూలాక తీసిన ఫొటోలో అన్నీ పెంకుల్లాగే కనిపిస్తాయి.

గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, అమ్మకానికి పెట్టిన కూజాలు, పెద్ద జాడీలు దొర్లకుండా ఏం చేయాలి?)

పెద్దవి కిందా, చిన్నవి పైనా. అర ముందు అంచుకు అడ్డంగా రెండంగుళాల చెక్క కొట్టండి. ఇరుకు అడుగున్న జాడీలో చిన్న ఇసుక సంచి వేస్తే బరువు కిందికి దిగుతుంది. జపాన్ ప్రదర్శనశాలల్లో సన్నటి గాలపు దారంతో కట్టి ఉంచుతారు, చూసేవాడికి కనిపించదు. సంతలో అన్నీ కట్టలేరు కదా. కనీసం పేర్చిన వరసల నడుమ గడ్డి పెట్టండి, అది మీకు నేను నేర్పాల్సింది కాదు.

(ముందు వరుసలో ఒక పెద్దాయన: ఆవంలో నిప్పు ఉండగా భూమి అదిరితే ఏం చేయాలి అయ్యవారూ?)

మంచి ప్రశ్న అడిగారు పెద్దాయనా. ముందు దూరం జరగండి. కుండలు కాపాడదామని దగ్గరికి పోవద్దు. లోపల పేర్పు కదిలి ఉంటుంది, పైన మెత్తిన బురద ఏ క్షణమైనా లోపలికి జారవచ్చు. నీళ్లు పోయవద్దు. నిప్పులా కాలుతున్న కుండమీద నీళ్లు పడితే అది పగిలి ముక్కలు ఎగురుతాయి, ఆవిరికి ఒళ్లు కాలుతుంది. పక్కన గడ్డివామి ఉంటే దాన్ని తడపండి, ఆవాన్ని కాదు. కన్నాలు పెద్దవై మంట బయటికి వస్తుంటే దూరం నుంచి పారతో పొడి మట్టి విసరండి, చాలు. మిగతాది దానంతట అదే కాలనివ్వండి. మామూలుగా విప్పేదానికన్నా ఒకరోజు ఆగి విప్పండి. ఎందుకంటే మొదటి అదురు తరవాత ఇంకోటి వస్తుంది. నేపాల్‌లో ఏప్రిల్ 25 తరవాత మే 12న 7.3 తీవ్రతతో మళ్లీ వచ్చింది, పదిహేడు రోజులకు. కాబట్టి ఆవానికి కాపలాగా ఎవరో ఒకరు ఎలాగూ బయట పడుకుంటారు కదా, ఆ కొన్నాళ్లూ ఇంటిల్లిపాదీ అక్కడే, ఆవానికి కాస్త ఎడంగా పక్కలు వేసుకోండి. మిద్దె గోడలు, దూలాలు ఎవరైనా తెలిసినవాళ్లు చూశాకే లోపలికి వెళ్లండి.